ఒక్కసారే చేతికి దొరికే పేషెంట్లు: మచ్చిక కాని పిల్లుల గుంపు కేస్ స్టడీ

ఈ కేసులో పేషెంట్ ఒక పిల్లి కాదు, ఒక గుంపు. పాత గిడ్డంగి వెనక షెడ్డును ఆనుకుని బతికే పిల్లులవి. మొదట లెక్క తేలినప్పుడు పెద్దవీ ఎదిగినవీ కలిపి 13, వాటితో పాటు రెండు ఈతల కూనలు. పెద్దవాటిలో రెండు ఎవరో వదిలేసిపోయిన ఇంటి పిల్లులు. మిగతావన్నీ మనిషి చెయ్యి తగలకుండా పుట్టి పెరిగినవే. పశువైద్యురాలిగా నేను ఈ గుంపును కొన్నేళ్ళుగా చూస్తున్నాను. రోజూ తిండి పెట్టి కనిపెట్టుకుని ఉన్నది రిటైరైన ఒక టీచర్ గారు.

ఇలాంటి పిల్లుల గురించి మాట్లాడేటప్పుడు, పిల్లలు పుట్టకుండా ఎన్నిటికి ఆపరేషన్లు చేశామో చెప్పి ఆపేస్తుంటాం. ఆ తర్వాత ఏది ఎలా బతికింది, ఏది ఎలా పోయింది, చూసుకునే మనిషి ఏమైపోయారు అన్నది రికార్డుల్లో ఉండదు. నా దృష్టిలో కేసులో సగం అదే. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ఇంటి పిల్లి వారం తర్వాత మళ్ళీ వస్తుంది. కుట్లు చూడొచ్చు, మందు మార్చొచ్చు, రక్తం ఇంకోసారి తీయొచ్చు. మచ్చిక కాని పిల్లి ఒకసారి బోనులో పడ్డాక మళ్ళీ ఆ బోను దరిదాపులకు రావడం కష్టం. దొరికిన ఆ ఒక్క పూటలోనే చెయ్యగలిగినదంతా చేసెయ్యాలి. చెయ్యలేనిది ఏదో కూడా ఆ పూటే తేల్చుకోవాలి. ఈ కేసులో మేం తీసుకున్న నిర్ణయాలన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

మొదట్లో గుంపు పరిస్థితి

ఆడపిల్లి నాలుగో నెలకే ఎదకు రావచ్చు. 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. కూనలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్ళీ కడుపుతో ఉండగలదు. అంటే షెడ్డు పిల్లులతో నిండిపోవాలి కదా. నిండదు, ఎందుకంటే పుట్టినవి పుట్టినట్టే చచ్చిపోతుంటాయి. అమెరికాలోని నార్త్ కరోలినాలో గుంపులుగా బతికే పిల్లుల మీద జరిగిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. అందులో గమనించిన 169 కూనల్లో 127 ఆరు నెలలు నిండకముందే చనిపోయాయి, లేదా కనపడకుండా పోయాయి. టీచర్ గారికి ఈ అంకె చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. పిల్లికో పేజీ, పైన ఫోటో, కింద గుర్తులు, ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు.

"ఎన్ని ఈతలు చూశానో డాక్టర్ గారూ. పేర్లు పెట్టడం మానేశాను. నేను పెట్టే తిండి వాటిని బతికించడానికా, ఇంకా కొన్నిటిని చంపడానికా అనిపిస్తోంది."

అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆవిడకు తిండి పెట్టడం మానెయ్యమని సలహా ఇచ్చారు. నేను మానొద్దన్నాను. తిండి ఆపితే పిల్లులు మాయమైపోవు, చెదిరిపోతాయి. చెదిరిన పిల్లిని లెక్కపెట్టలేం, పట్టలేం, జబ్బు చేస్తే గుర్తించలేం. వేళ మాత్రం మార్చమన్నాను. పొద్దున ఒకే టైముకి, ఒకే చోట, అరగంట మాత్రమే పెట్టి, తర్వాత గిన్నెలు తీసెయ్యాలి. వేళ కుదిరాక అన్నీ ఒక్కసారే వస్తాయి. ఎవరు రాలేదో, ఎవరు వచ్చి కూడా ముట్టలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. మచ్చిక కాని పిల్లి విషయంలో థర్మామీటర్ కన్నా ముందు పనికొచ్చేది ఇదే.

పట్టడం

కొన్నాళ్ళపాటు బోను తలుపు పడకుండా తాడుతో కట్టేసి, దాని లోపలే తిండి పెట్టించాం. పట్టే రోజుకు ముందు రాత్రి నుంచి తిండి లేదు. దానివల్ల ఆకలితో లోపలికి వస్తాయి, మత్తుకు కడుపు ఖాళీగానూ ఉంటుంది. తలుపు పడగానే బోను మీద మందపాటి గుడ్డ కప్పెయ్యాలి. వెలుతురులో కమ్మీలకు ముక్కు గీరుకుపోయేలా కొట్టుకునే పిల్లి, చీకటి పడగానే మూలకు ఒదిగిపోతుంది.

చాలావరకు ఇలాగే దొరికాయి. దొరకనిది చుక్కమ్మ. మూడు రంగుల ముసలి తల్లి. ముందుకాళ్ళు రెండూ లోపలపెట్టి, మెడ చాచి, వెనక కాళ్ళు మాత్రం గడప దాటించకుండా అందినంత తిని వెళ్ళిపోయేది. తొక్కితే తలుపు పడే రేకును అది ఒక్కసారి కూడా తొక్కలేదు. దానికి పైనుంచి పడే బోను వాడాం. ఇది చాలా సులువైన పరికరం. పెద్ద పెట్టెలాంటి చట్రాన్ని ఒకవైపు కర్రతో ఎత్తి నిలబెడతాం. కర్రకు కట్టిన తాడు దూరంగా మన చేతిలో ఉంటుంది. ఏ పిల్లి కావాలో అది కిందకు వచ్చినప్పుడే లాగొచ్చు. చుక్కమ్మ కింద చేరి గిన్నెలో మూతి పెట్టాక కూడా టీచర్ గారు తాడు లాగలేదు. దాని తోక చట్రం లోపలికి వచ్చేదాకా ఆగి, అప్పుడు లాగారు. ఆ ఓపిక ఎవరూ నేర్పితే వచ్చేది కాదు.

చుక్కమ్మ కంటే ముందు దాని కూనల్ని పట్టాం. వాటికి సుమారు ఐదు వారాలు, గట్టి తిండి తినడం మొదలుపెట్టాయి. పిల్లి కూన మనుషులకు అలవాటుపడే కాలం రెండో వారం నుంచి ఏడో వారం వరకు. ఎనిమిది, తొమ్మిది వారాలు దాటితే కష్టమవుతుంది. నాలుగు నెలలు దాటినదాన్ని బలవంతంగా ఇంట్లో పెట్టి మచ్చిక చెయ్యబోతే, అది రోజంతా భయంతో బతకాలి. గుంపులో అలాంటి ఎదిగిన మగకూన ఒకటుంది. టీచర్ గారికి దాన్ని ఇంటికి తీసుకెళ్ళాలని బలంగా ఉండేది. నేను ఒప్పుకోలేదు. ఆపరేషన్ తర్వాత ఒక రాత్రి మా దగ్గర ఉంచితే అది తిండి ముట్టలేదు, మూత్రం పోయలేదు, పెట్టె వెనక నక్కి కళ్ళు ఆర్పకుండా చూస్తూనే ఉంది. షెడ్డు దగ్గర బోను తలుపు తీసిన క్షణంలో దూసుకుపోయి, మర్నాడు పొద్దున గిన్నె దగ్గర అందరికన్నా ముందు ప్రత్యక్షమైంది. దాని ఇల్లు అదే.

చుక్కమ్మ కూనలు నాలుగింటికీ మంచి ఇళ్ళు దొరికాయి.

ఆపరేషన్ రోజు

ఇక్కడ కొత్తగా చెప్పేది తక్కువ. బోనుతో సహా తూచి, బోను బరువు తీసేసి, పిల్లిని ఒక వైపుకు నెట్టి కమ్మీల సందులోంచే మత్తు ఇస్తాం. మేం వాడింది కెటమిన్, మెడెటమిడిన్, బ్యుటార్ఫనాల్ కలిపిన ఒకే ఇంజెక్షన్. మత్తులో కళ్ళు తెరుచుకునే ఉంటాయి కాబట్టి కంటికి ఆయింట్‌మెంట్ తప్పనిసరి. పాలిచ్చే తల్లులకు పొట్ట మధ్యలో కాకుండా పక్క నుంచి కోత పెట్టాం. పొదుగు ఉబ్బి ఉంటుంది కాబట్టి ఇలా చేస్తే కోత దానికి తగలదు, గాయం దూరం నుంచి చూసినా కనపడుతుంది. కుట్లన్నీ లోపలే కరిగిపోయేవి. అదే మత్తులో రేబిస్ టీకా, పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల ప్రాణాంతక వైరస్ జబ్బుకూ రెండు జలుబు వైరస్‌లకూ కలిపిచ్చే టీకా, పురుగుల మందు, చర్మం కింద సెలైన్, గోళ్ళూ పళ్ళూ చూడటం. కాట్లు, చీము గడ్డలు ఉన్నవాటికి మాత్రం సెఫోవెసిన్. ఒక్క ఇంజెక్షన్ సుమారు 14 రోజులు పనిచేసే యాంటీబయాటిక్ ఇది. మాత్ర వెయ్యడానికి వీల్లేని పిల్లికి ఇంతకన్నా మంచి సాయం లేదు.

చివరగా ఎడమ చెవి కొస 1 సెంటీమీటర్ మేర అడ్డంగా, తిన్నగా కత్తిరిస్తాం. చూసేవాళ్ళు కొందరు దీన్ని క్రూరత్వం అంటారు. దూరం నుంచి ఆ చెవి కనిపిస్తే ఆపరేషన్ అయిందని తెలుస్తుంది, ఇంకెవరూ దాన్ని మళ్ళీ పట్టి, మళ్ళీ మత్తిచ్చి, పొట్ట కోసి చూడరు. మత్తులో నొప్పి తెలియకుండా పోయే ఆ చిన్న ముక్క వల్ల ఎన్ని పిల్లులు రెండో కోత తప్పించుకున్నాయో తలుచుకుంటే నాకు ఎలాంటి సందేహం ఉండదు.

ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్), ల్యుకీమియా వైరస్ పరీక్షలు ఆరోగ్యంగా ఉన్నవాటికి చెయ్యలేదు. ఎఫ్‌ఐవీ ముఖ్యంగా లోతైన కాట్ల ద్వారా పాకుతుంది. గండుపిల్లులకు ఆపరేషన్ అయితే కొట్లాటలే తగ్గిపోతాయి. ఉన్న డబ్బు ముందు ఆపరేషన్లకే వాడాలన్నది నా అభిప్రాయం.

పాన్‌ల్యూకోపీనియా

అందరికీ టీకాలు పూర్తి కాకముందే ఇది వచ్చింది. బూడిదరంగు తల్లి కూనలు నాలుగు. ఒక పొద్దున టీచర్ గారు ఫోన్ చేసి, "ఒకటి నీళ్ళ గిన్నె మీద తల వేలాడేసి కూర్చుంది, తాగట్లేదు" అన్నారు. ఆ వర్ణన వినగానే నాకు విషయం అర్థమైంది. ఈ జబ్బులో దాహం ఉంటుంది, కానీ వికారం తాగనివ్వదు. కుక్కలకు వచ్చే పార్వో దీనికి దగ్గరి వైరస్, దాని పరీక్ష కిట్ ఈ వైరస్‌ను కూడా పట్టిస్తుంది. మలం పరీక్షలో పాజిటివ్ వచ్చింది.

నాలుగింటినీ విడిగా ఉంచి సెలైన్, వాంతుల మందు, యాంటీబయాటిక్, వెచ్చదనం అన్నీ ఇచ్చాం. ఈ వైరస్ పేగు పొరనూ ఎముక మజ్జనూ ఒకేసారి దెబ్బతీస్తుంది. తెల్లరక్తకణాలు పడిపోయాక పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. అంత చిన్న ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు. మూడు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. నాలుగోది రెండు రోజులు కోలుకున్నట్టే కనిపించింది, కొంచెం నాకింది కూడా. అది కూడా పోయింది. టీచర్ గారు నాకు ఒకే ప్రశ్న వేశారు: "ముందే పట్టుంటే?" పట్టడానికి అవి అప్పటికింకా షెడ్డు కింది బొరియలోంచి బయటికే రాలేదు. ఆ మాట చెప్పి ఊరుకోలేదు, తేదీలతో సహా వాటి పేజీలో రాశాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ చదువుకుంటారని తెలుసు.

ఈ వైరస్‌ది మొండి ప్రాణం. మామూలు ఫినాయిల్ లాంటివాటికి చావదు. బయట ఏడాది వరకు బతకగలదు. గిన్నెలు, బోన్లు, సిమెంటు నేల ముందు కడిగి, ఆ తర్వాత 1 వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్ళు కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచాం. మట్టిని అలా శుభ్రం చెయ్యలేం. అందుకే మిగిలినవాటిని త్వరత్వరగా పట్టి టీకాలు వేశాం. టీకా వేసిన పెద్దవాటిలో ఒక్కటీ జబ్బు పడలేదు.

ఊయల

ఆ సమయంలో మసి అనే నల్లపిల్లి కడుపుతో ఉంది. ఎంత ప్రయత్నించినా బోనులో పడలేదు. షెడ్డు కిందే ఈనింది. కూనలు బయట నడవడం మొదలుపెట్టాక మూడింటిలో ఒకటి తూలుతోందని టీచర్ గారు వీడియో పంపారు. కాళ్ళు ఎడంగా వేసి, అడుగు కావాల్సినదానికన్నా ఎత్తుగా లేపి, గిన్నె వైపు వంగేకొద్దీ తల వణుకు ఎక్కువై, మూతి తిండికి అటూ ఇటూ తగిలేది. నిద్రలో వణుకు పూర్తిగా ఆగిపోయేది.

కడుపులో ఉన్నప్పుడు, లేదా పుట్టిన కొత్తలో ఈ వైరస్ సోకితే చిన్నమెదడు సరిగా ఎదగదు. కడుపుతో ఉన్న పిల్లికి బతికున్న వైరస్‌తో చేసిన టీకా వేసినా ఇదే ప్రమాదం ఉంది. మసికి మేం టీకా వెయ్యలేదు కాబట్టి ఇది నేల మీది వైరస్ పనే అనుకోవాలి. తల్లికి పైకి ఏ లక్షణమూ కనపడలేదు.

ఈ లోపం గురించి చాలామందికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఇది వయసుతో ముదరదు, దానంతటది నొప్పి పెట్టదు, ఆయుష్షు తగ్గించదు. వాహనాలు, కుక్కలు తిరిగే చోట మాత్రం అలాంటి పిల్లి బతకలేదు. తూలేదాన్ని చూసి, ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యమని అడిగేవాళ్ళున్నారు. నేను ఈ కారణానికి ఆ ఇంజెక్షన్ ఎత్తను. కూనల్ని తీసేశాక మసి కూడా చివరికి పైనుంచి పడే బోనుకే దొరికింది. తూలే కూనకు టీచర్ గారు ఊయల అని పేరు పెట్టారు. పేర్లు మానేశానన్న మనిషి! ఊయలను తీసుకున్న కుటుంబానికి మేం చెప్పినవి కొన్నే: అంచు ఎత్తుగా ఉన్న బరువైన గిన్నె, జారని తివాచీ, మెట్లకు అడ్డం, బయటికి వదలకపోవడం. ఇప్పుడది సోఫా ఎక్కేటప్పుడు దూకదు, గోళ్ళతో పాకుతుంది. పాకి పైకి చేరాక వెనక్కి తిరిగి అందరూ చూశారా అన్నట్టు చూస్తుంది. టీచర్ గారి ఫోన్‌లో ఆ వీడియోలే ఎక్కువ.

పెద్దోడి నోరు

గుంపులో అందరికన్నా బలమైన గండుపిల్లి పెద్దోడు. ఆపరేషన్ అయిన తర్వాత ఏడాదికి అటూ ఇటూగా, గిన్నె దగ్గరికి ఆకలితో వచ్చి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కెవ్వుమని గిన్నె మీదే కసిరి పారిపోవడం మొదలుపెట్టాడు. గడ్డం కింద బొచ్చు చొంగకు అట్టకట్టింది. మత్తిచ్చి నోరు తెరిస్తే గొంతు మొదట్లో రెండు పక్కలా పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది. తాకితే రక్తం. దీన్ని స్టొమటైటిస్ అంటాం. పళ్ళ మీది పాచికి కూడా ఒంటి రోగనిరోధక శక్తి అతిగా ఎదురుతిరగడం వల్ల వచ్చే మంట ఇది.

టీచర్ గారిని పిలిచి, వాడు మత్తులో ఉండగానే మూడు దారులు చెప్పాను. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసి వదిలితే కొన్ని వారాలు తింటాడు, మళ్ళీ ఇదే స్థితి, మళ్ళీ దొరుకుతాడన్న భరోసా లేదు. పళ్ళన్నీ తీసేస్తే సుమారు మూడింట రెండొంతుల పిల్లులు బాగుపడతాయి లేదా బాగా తేరుకుంటాయి, మిగతావాటికి రోజూ మందు కావాలి, వీడికి అది కుదరదు. మూడోది, మత్తులోంచి లేపకుండానే ప్రాణం పోనివ్వడం. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తినగలిగితే చాలు. తినలేకపోతే ఆకలితో ఉంచొద్దు" అన్నారు. దాన్నే షరతుగా రాసుకున్నాం: పళ్ళు తీస్తాం, గాయాలు మానాక కూడా తినకపోతే ఇక మళ్ళీ ప్రయత్నాలు లేవు.

అన్నీ తీసి, పళ్ళ వేళ్ళేవీ మిగల్లేదని ఎక్స్‌రేలో చూసుకున్నాం. దాక్కోవడానికి పెట్టె ఉన్న పెద్ద బోనులో, గుడ్డ కప్పి, నొప్పి మందు మెత్తటి తిండిలో కలిపి ఉంచాం. మొదట్లో రాత్రిళ్ళు ఎవరూ లేనప్పుడు మాత్రమే తినేవాడు. తర్వాత మేం గదిలో ఉండగానే గిన్నె చప్పుడు వినిపించింది. ఆ రోజు క్లినిక్‌లో అందరం పండగ చేసుకున్నంత సంతోషపడ్డాం. షెడ్డు దగ్గర వదిలాక కొద్ది నెలల్లో ఒళ్ళు చేశాడు, బొచ్చు నాక్కోవడం మళ్ళీ మొదలుపెట్టాడు. పళ్ళు లేకపోయినా పొడి తిండి గుటుక్కున మింగేసేవాడు.

తర్వాత రెండేళ్ళు బాగా బతికాడు. ఆ పైన కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆఖరిసారి వాడిని పట్టడానికి ఏ ఉపాయమూ అక్కర్లేకపోయింది, బోనులోకి వెళ్ళి పడుకున్నాడు. రక్త పరీక్ష చూశాక చెయ్యగలిగింది లేదని తేలింది. బోనులోనే మత్తిచ్చి, పూర్తిగా పట్టాక బయటికి తీశాం. ఇన్నేళ్ళలో టీచర్ గారు వాడిని ముట్టుకున్నది అప్పుడే. తల మీద, చెవి కొస దగ్గర చెయ్యేసి, "ఇంత మెత్తగా ఉన్నావేంట్రా" అన్నారు.

కనపడకుండా పోయినవి

చావు ఎదురుగా జరిగితే ఏడవొచ్చు. ఈ కేసులో మూడు పిల్లులు ఒక పొద్దున రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఇంకొకటి వాహనం కింద పడింది, ఒంటినైనా చూడగలిగాం. ఆ మూడింటికీ అదీ లేదు. ఎవరైనా తీసుకెళ్ళారా, కుక్కలు పట్టాయా, జబ్బు చేసి ఎక్కడో మూల చేరాయా. జబ్బు చేసిన పిల్లి దాక్కుంటుంది, అది దాని స్వభావం. టీచర్ గారు చీకటి పడ్డాక టార్చ్ పట్టుకుని ఆ చుట్టుపక్కలంతా తిరిగారు. "వీధి పిల్లే కదా, ఇంకోటి వస్తుందిలే" అన్నవాళ్ళతో ఆవిడ మాట్లాడటం మానేశారు. ఒక దశలో నిద్ర పట్టట్లేదని, ఊరికి కూడా వెళ్ళలేకపోతున్నానని చెప్పారు.

దీన్ని నేను కేసులో భాగంగానే తీసుకున్నాను. చూసుకునే మనిషి కుంగిపోతే గుంపు మొత్తం చెదిరిపోతుంది. మొదట, వెతకడానికి ఒక పద్ధతి, ఒక హద్దు పెట్టాం. ఫలానా రోజుల వరకు వెతుకుతాం, చుట్టుపక్కల వాళ్ళను అడుగుతాం, ఆ తర్వాత పేజీలో 'కనపడలేదు' అని తేదీ వేసి మూసేస్తాం. మూసిన పేజీ మళ్ళీ తెరిచే హక్కు పిల్లికే ఉంటుంది. రెండోది, ప్రతి నష్టం తర్వాత నేనే ఫోన్ చేసి, ఏది మన చేతిలో ఉండింది, ఏది లేదు అన్నది వైద్యపరంగా విడదీసి చెప్పాను. ఊరట మాటలకన్నా ఆవిడకు అదే ఎక్కువ పనికొచ్చింది. మూడోది, తిండి పెట్టడానికి ఇంకో మనిషి. ఆ వీధిలోనే ఉండే కాలేజీ అమ్మాయి ఇప్పుడు వారంలో సగం రోజులు చూసుకుంటోంది.

పక్షుల గురించి పక్కింటివాళ్ళు చేసిన ఫిర్యాదు కూడా న్యాయమైనదే. ఆపరేషన్ అయిన పిల్లి కూడా వేటాడుతుంది, కడుపు నిండినా వేటాడుతుంది. నాకు దీనికి ఉన్న సమాధానం ఒక్కటే, గుంపు క్రమంగా తగ్గడం. అమెరికాలో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆవరణలో పదకొండేళ్ళు సాగిన కార్యక్రమం ఫలితాలు 2003లో ప్రచురించారు. 155 పిల్లుల్లో చివరికి అక్కడ మిగిలినవి 23. దాదాపు సగం పెంపకానికి వెళ్ళాయి. 1995 తర్వాత అక్కడ పుట్టిన కూనలు కనపడలేదు. కొత్తగా వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టడం వల్ల అది సాధ్యమైంది. ఆ పని ఆపిన చోట మాత్రం లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రస్తుతం

వదిలేసిపోయిన ఇంటి పిల్లులు రెండూ ఇళ్ళకు చేరాయి. గుంపులోకి మధ్యలో రెండు కొత్త గండుపిల్లులు వచ్చాయి, రెండిటికీ చెవి గుర్తు పడింది. ఇప్పుడు షెడ్డు దగ్గర ఉన్నవి 8. మసి ఈనిన ఆ ఈత తర్వాత అక్కడ కూనలు పుట్టలేదు. మిగిలినవి ఇప్పుడు నింపాదిగా, తోక నిటారుగా ఎత్తి గిన్నె దగ్గరికి వస్తున్నాయి.

ఈ మధ్య చెవి గుర్తు లేని గోధుమరంగు పిల్లి ఒకటి గోడ మీద కనిపిస్తోంది. బోను తలుపు మళ్ళీ కట్టి పెట్టాం, కాలేజీ అమ్మాయి తాడు లాగడం నేర్చుకుంటోంది. చుక్కమ్మ నీళ్ళు ఎక్కువ తాగుతోంది, నడుము సన్నబడింది. దొరికితే ఒకే మత్తులో రక్త పరీక్ష, బీపీ, పళ్ళు, రేబిస్ టీకా మళ్ళీ, అన్నీ అయిపోయేలా పరికరాలు సిద్ధంగా ఉంచాను. పెద్దోడికి రాసుకున్న షరతునే దాని పేజీలో కూడా టీచర్ గారు తన చేత్తో రాశారు.